రాబోయే కెమెరా

పురసవాక్కంలోని మా స్టూడియో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మేమంటే అన్నదమ్ములిద్దరము. ఇద్దరమూ ఒకే బల్ల దగ్గర కూర్చుని వ్రాస్తున్నాము గనుక "మేము" అంటున్నామే గాని గొప్పకు పోయి కాదని ముందుగా మనవి. మా నాయన 1961 లో ఆ స్టూడియో తెరిచారు. అప్పటినుంచి చెన్నపట్నపు తెలుగువారి ఇళ్ళల్లో ఎన్ని పెండ్లిండ్లు, ఎన్ని వడుగులు, ఎన్ని షష్టిపూర్తులు ఆయన కెమెరా ముందు జరిగాయో లెక్క లేదు. ఆయన దగ్గరనుంచి మాకు ఒక చీకటిగది, మూడు ట్రంకుపెట్టెల నెగిటివులు సంక్రమించాయి. తొందరపాటు మాత్రం మా స్వార్జితం.

కొంతకాలంగా సంఘం కార్యక్రమాలకు ఫోటోలు తీయడానికి వచ్చినప్పుడల్లా మిత్రులు, "ఏమండీ, ఆ కొత్త కెమెరా కొన్నారా?" అని అడుగుతున్నారు. అడగడంలో వారి తప్పేమీ లేదు. 2022 నుంచి ఊరంతా చాటింది మేమే. అందరికీ ఒక్కమారే సమాధానం చెబితే తీరిపోతుందని ఈ నాలుగు మాటలూ.

కథ ఒక బ్యాడ్మింటన్ పోటీతో మొదలయింది. ఆ యేడు ఒక కళాశాలవారు తమ పోటీలకు ఫోటోలు తీయమని మమ్మల్ని పిలిచారు. పెండ్లిండ్లు తీసి తీసి ఉన్న మాకు ఆటలంటే మోజు. మాకంటె మా అమ్మాయికి ఎక్కువ మోజు. (అమ్మాయి అంటే మాలో పెద్దవాడి కూతురు. చదువు బి.కాం., మనసు మైదానం.) మొదటి ఆట సాగుతుండగానే అంపైరుగారు మమ్మల్ని ప్రక్కకు పిలిచి, "సర్వీసు చేసే వేళ మీ కెమెరా టకటకలకు పిల్లలు బెదురుతున్నారండీ. చప్పుడు లేకుండా తీయగలిగితే తీయండి, లేదా మెట్లమీదికి వెళ్ళి కూర్చోండి" అన్నారు. మా సంచిలో అద్దెకు తెచ్చిన కొత్తరకం కెమెరా ఒకటి ఉంది. లోపల అద్దం లేదు. తలుపు కదలకుండా, చప్పుడు కాకుండా బొమ్మ తీసే ఏర్పాటు దానికి ఉంది. ఆ మీట నొక్కి, ఇంత సుఖముండగా ఇన్నాళ్ళూ ఆ టకటకలెందుకు భరించామా అనుకుంటూ సాయంత్రానికి పద్దెనిమిది వందల ఫోటోలు తీశాము.

రాత్రి కంప్యూటరులో చూసేసరికి గుండె జారింది. ప్రతి ఫోటోలోనూ అడ్డంగా మూడు నల్లచారలు. ఆటగాళ్ళ చేతుల్లో బ్యాట్లన్నీ కొడవళ్ళలా వంగి ఉన్నాయి. కళాశాలవారు మర్యాదస్థులు, సగం డబ్బు ఇస్తామన్నారు. మేము పుచ్చుకోలేదు. కప్పు గెలిచిన పిల్ల తండ్రి, రైల్వేలో చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనవాడే, కూతురి ఫోటో పెద్దది చేయించుకుందామని పెరంబూరునుంచి స్టూడియోకి వచ్చారు. చూసి, "మా పిల్ల ఆటకు వెళ్ళిందనుకున్నాను, వరికోతకు వెళ్ళిందా?" అని నవ్వారు. నవ్వారే గాని, జేబులోంచి తీసిన నోట్లు మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్న తీరు మాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

తప్పు కెమెరాది కాదు. తెలియక వాడిన మాది. డిజిటల్ కెమెరాలో ఫిల్ము ఉండవలసిన చోట సెన్సరనే పలక ఉంటుంది. దానిమీద కోట్ల చుక్కలు వరుసలు వరుసలుగా పేర్చి ఉంటాయి. తలుపు వాడకుండా తీస్తే, ఆ వరుసలను ఒకదాని తరువాత ఒకటిగా చదువుకుంటూ పోతుంది. పెండ్లి పంక్తిలో వడ్డన ఉన్నదే, ఆ పద్ధతి. మొదటి విస్తరిలో పప్పు పడేవేళకు చివరి విస్తరిలో ఉప్పు కూడా పడదు. కదలకుండా కూర్చున్న మనిషికి ఏ చిక్కూ లేదు. పై వరుస చదివిన క్షణానికీ క్రింది వరుస చదివిన క్షణానికీ మధ్య బ్యాటు జరిగిపోతేనే, దాని తల ఒకచోటా పిడి ఒకచోటా పడి వంకర తిరుగుతుంది. మేము తెచ్చినదానికి పలకంతా చదవడానికి సెకండులో ముప్పయ్యో వంతు పడుతుంది. మన కరెంటు సెకండుకు యాభై ఆవృత్తాలు. ఆ హాలులో దీపాలు దానికి రెట్టింపు, అంటే నూరుమార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ముప్పయ్యో వంతు సెకండులో మూడు మిణుకులు, మూడు చారలు. లెక్క అంత కచ్చితంగా సరిపోయాక ఎవరిని నిందిస్తాము?

దీనికి మందు లేకపోలేదు. అన్ని వరుసలనూ ఒకే క్షణాన పట్టుకోవడం. నూరు విస్తళ్ళ ముందు నూరుగురు వడ్డించేవారు ఒక్కసారిగా వంగారనుకోండి, అట్లా. గ్లోబల్ షట్టరని దానికి పేరు. ఆటలు తీసేవారు వాడే పెద్దరకం కెమెరాల్లో అప్పటికి అది ఎందులోనూ లేదు.

"కానన్‌వాళ్ళ ఆర్-వన్‌లో వస్తుందట చిన్నాయనా!" అంది మా అమ్మాయి.

ఆ "అట"లో పడ్డాము. రెండేళ్ళు పైకి రాలేదు.

పుకారంటే గాలిలోంచి పుడుతుందనుకునేవాళ్ళము. ఈ కెమెరా పుకార్లు అలాంటివి కావు. వీటికి పెద్ద సరంజామా ఉంది. కొత్త కెమెరాలో వైర్‌లెస్ పరికరం ఉంటుంది గనుక, అమ్మకానికి ముందు ఆయా దేశాల రేడియో అధికారుల దగ్గర నమోదు చేయించాలి. అక్కడ పేరు ఉండదు, ఏదో ఒక సంకేతసంఖ్య ఉంటుంది. దాన్ని కనిపెట్టేవారున్నారు. కంపెనీలు పేటెంట్లకు దరఖాస్తు పెడతాయి. అందులో పదిటికి ఒకటి సరుకుగా వస్తుందో రాదో తెలియదు గాని, ప్రతి దరఖాస్తునూ చదివి బొమ్మలతో సహా ప్రకటించేవారున్నారు. ఏ ఆటస్థలంలోనైనా ఒక ఫోటోగ్రాఫరు పేరు కనబడకుండా నల్లపట్టీ అంటించిన కెమెరా పట్టుకుంటే, అతని ఫోటో తీసేవారూ ఉన్నారు. 2021 జులైలో టోకియో ఒలింపిక్స్‌లో ఒక అమెరికా ఫోటోగ్రాఫరు ఇంకా అంగట్లోకి రాని కానన్ ఆర్-త్రీతో తీసిన బొమ్మలు లోకానికి చూపించాడు. బొమ్మలో ఏమి రహస్యముంటుంది? ఉండదు. కాని ప్రతి డిజిటల్ బొమ్మతోనూ దాని కొలతలు ఒక చీటీలాగా అంటి ఉంటాయి. 6000 చుక్కలు అడ్డం, 4000 నిలువు. అంటే 2 కోట్ల 40 లక్షలు. అంతకుముందు దాకా నాలుగున్నర కోట్లని వాదించినవారంతా ఆ రాత్రికి రాత్రి మాట మార్చుకున్నారు. సెప్టెంబరులో కెమెరా వచ్చినప్పుడు లెక్క అదే అయింది.

ఇదంతా అమ్మాయి చెప్పగా మేము నేర్చుకున్నది. చీటీ చూసి చెప్పినవాడు గెలిచాడు గనుక మిగతావన్నీ కూడా నిజమేననుకోవడం మా తెలివి. ఆర్-వన్‌కు ఎనిమిదిన్నర కోట్ల చుక్కలని ఒకరు, కాదు మూడు కోట్లేనని ఇంకొకరు. గ్లోబల్ షట్టరు ఖాయమని ఒకరు, లేదని మరొకరు. ఉంటుందన్నవాడిది మేము రెండుమార్లు చదివేవాళ్ళము.

పుకార్లకు పంచాంగం కూడా ఉంది. అది ఒలింపిక్స్. 1972 లో ఆ పోటీల కోసమని కానన్‌వారు ఒక ప్రత్యేకపు ఫిల్ము కెమెరా చేశారు. సెకండుకు 9 బొమ్మలు. 1984 లో లాస్ ఏంజిలిస్ పోటీలకు మరొకటి, సెకండుకు 14. అద్దం ఎగిరిపడే వ్యవధి లేక, కదలని పలుచటి అద్దం బిగించి, వెలుతురు దానిగుండానే పోయే ఏర్పాటు చేశారు. మీట గట్టిగా నొక్కిపట్టుకుంటే 36 బొమ్మల చుట్ట మూడు సెకండ్లు పూర్తికాకుండానే ఖాళీ. మళ్ళీ చుట్ట మార్చేలోపల పరుగుపందెం ముగిసి, పతకాలు కూడా ఇచ్చేస్తారేమోనని నాయన అనేవారు. తరువాత డిజిటల్ వచ్చింది, వేగం తగ్గింది. 1999 నాటి నికాన్ డి-వన్ సెకండుకు నాలుగున్నర బొమ్మలే తీసేది. చుక్కలు 27 లక్షలు. 2001 లో కానన్ ఎనిమిది అంది. 2017 లో సోనీ ఎ-నైన్ వచ్చి, అద్దమే లేకుండా ఇరవై అంది. 2021 అక్టోబరులో నికాన్ జడ్-నైన్ వచ్చి యంత్రపు తలుపునే పీకి పారవేసింది. పలకను చదివే వేగం అంతగా పెంచారు గనుక తలుపుతో పని లేదన్నమాట. అది మాకు చాలేది. ఈ మాట ఇప్పుడంటున్నాము. అప్పుడు మాత్రం, మన లెన్సులు దానికి పట్టవు, పైగా రాబోయేదాని ముందు ఇదేపాటి అని తేల్చాము. రాబోయేదానితో పోల్చితే ఉన్నవన్నీ అట్లాగే ఉంటాయి.

వెల సంగతి కూడా పుకార్లలోనే తెలిసింది. ఆరువేల డాలర్లకు పైన. మన డబ్బులో అయిదు లక్షలు దాటుతుంది. మేము ఇరవై అయిదు నెలల చీటీలో చేరాము. నెలకు ఇరవై వేలు. ఆ రెండేళ్ళూ ఇంట్లో ఏ ఖర్చు మాట వచ్చినా "కెమెరా రానీ" అనేవాళ్ళము. వంటింటి గోడ చెమ్మ పట్టింది. కెమెరా రానీ. వదినగారి మోకాలికి వైద్యుడు ఏదో పట్టీ వ్రాశాడు. దానికి మాత్రం ఆమె మా అనుమతి కోసం ఆగలేదు.

నాయన ఒకనాడు మమ్మల్ని పిలిచి, "ఆ నెగిటివు పెట్టెలు చీకటిగదిలో నేలమీద ఉన్నాయిరా. గది వీధికంటె పల్లం. ఒక ఇనప బీరువా చేయించి మేడమీద పెట్టించండి. వీలైతే కంప్యూటరులోకి ఎక్కించండి" అన్నారు. విచారిస్తే మొత్తం తొంబయి వేలు అవుతుందన్నారు. చేద్దాం నాయనా, కెమెరా రానీ, అన్నాము.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. భోజనమయ్యాక బర్మా బజారు కథ చెప్పారు. 1970 ప్రాంతాల్లో విదేశపు కెమెరా కావాలంటే తిన్నగా దొరికేది కాదు. బర్మానుంచి వచ్చినవారు హార్బరు దగ్గర అంగళ్ళు పెట్టుకున్నారు. ఫలానా ఓడలో నికాన్ ఎఫ్ వస్తోందని ఒకరు చెప్పారట. నాయన ఆ మాటమీద తమ పాత కెమెరా అమ్మేసి, రొక్కం పట్టుకుని సాయంత్రం సాయంత్రం బీచి స్టేషనులో దిగి విచారించేవారట. ఇంకా సింగపూరులోనే ఉందన్నారు, కొలంబోలో ఉందన్నారు. మూడు నెలలు అరువు కెమెరాతో పెండ్లిండ్లు తీశారు.

"మరి ఓడ వచ్చిందా తాతా?" అంది అమ్మాయి.

"వచ్చింది. అందులో గొడుగులున్నాయి."

2023 లో మా వెర్రికి మన తెలుగువాడే కారకుడయ్యాడు. అమలాపురం కుర్రవాడు సాత్విక్‌సాయిరాజ్ కొట్టిన స్మాషు గంటకు 565 కిలోమీటర్ల వేగంతో పోయిందని గిన్నిస్‌వారు ప్రకటించారు. ఆటలో కాదు, జపానులో ఒక కర్మాగారంలో కొలిచిన వేగం. అయినా వేగం వేగమే. యానాములో మాకు చుట్టాలున్నారు. గోదావరి దాటితే అమలాపురం ఎంతో దూరం కాదు గనుక, వారు ఆ కుర్రవాడు తమవాడేనన్నట్టు మిఠాయి పంచారు. మేము మాత్రం కాగితం తీసుకుని లెక్క వేశాము. సెకండుకు 157 మీటర్లు. సెకండులో 2000 వ వంతు తెరిచి తీస్తే షటిల్ దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు జరుగుతుంది, అంటే దాని ఒడ్డూ పొడుగూ అంత. 8000 వ వంతులో రెండు సెంటీమీటర్లు. 80,000 వ వంతులో రెండే మిల్లీమీటర్లు, అంటే ఈక ఈకా లెక్కపెట్టవచ్చు. ఆ చివరి వంతు అందుకునే కెమెరా ఎక్కడుంది?

ఆ నవంబరు 7 న వచ్చింది. కాని మేము కాచుకున్న ఇంటనుంచి కాదు. సోనీ ఎ-నైన్-త్రీ. మొట్టమొదటి పూర్తిచట్రపు గ్లోబల్ షట్టరు. సెకండుకు 120 బొమ్మలు, 80,000 వ వంతు వరకు. మీట నొక్కకముందు ఒక సెకండులో జరిగినదాన్ని కూడా పట్టి ఉంచుతుంది. ఈ చివరి సంగతి విని నాయన, "నొక్కకముందే బొమ్మ పడితే మనకు కూలి ఎందుకిస్తారు?" అన్నారు.

ఆ వారంలోనే చీటీ పాడుకున్నాము. తోపు పోగా నాలుగు లక్షల అరవై వేలు చేతికి వచ్చింది. ఇంట్లో పెద్ద సభ జరిగింది. సోనీ కొనాలంటే లెన్సులన్నీ మార్చాలి. పైగా అన్ని చుక్కలనూ ఒక్కసారి పట్టాలంటే ప్రతి చుక్క ప్రక్కనా ఒక చిన్న నిలవగది కట్టాలి. ఆ మేరకు వెలుతురు పట్టే చోటు తగ్గుతుంది. ఇతర కెమెరాలకు కనీసపు ఐ.ఎస్.ఓ. 100, 64 ఉండగా దానికి 250. చీకటి హాలులో కొంచెం గరుకుదనం తప్పదు. ఇవన్నీ నిజమైన కారణాలే. అసలు కారణం వేరు. ఒకరు చేశారంటే రెండోవారు అంతకంటె బాగా చేసే తీరుతారని కొత్త పుకారు పుట్టింది. డబ్బు బ్యాంకులో వేసి కూర్చున్నాము.

డిసెంబరు 3 సాయంత్రం వాన పట్టుకుంది. మిచౌంగ్ తుఫాను. 5 వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటిందని మీకు జ్ఞాపకం ఉంటుంది. మమ్మల్ని మాత్రం అంతకుముందే ముంచింది. అర్ధరాత్రికి కరెంటు పోయింది. తెల్లవారేసరికి వీధిలో మోకాలిలోతు, స్టూడియోలో నడుములోతు. కెమెరాలు, లెన్సులు, కంప్యూటరు, దీపాలు, రాబోయే కెమెరాకోసం ముందుగానే కొన్న కార్డులు — ఇవన్నీ భుజాలమీద మేడకు చేర్చాము. నాయన మెట్లమీద నిలబడి "పెట్టెలురా, పెట్టెలు" అంటూనే ఉన్నారు. ఇదిగో వస్తున్నాము, ఇదిగో అంటూ చీకటిగదిలోకి వెళ్ళేసరికి నీరు మూతలమీదుగా పోతోంది. మూడో పెట్టె ఒక పాత బెంచీమీద ఉండడంవల్ల అడుగు మాత్రమే తడిసింది. మిగతా రెండూ పూర్తిగా మునిగాయి.

మేము నెగిటివులు తీసి తుడిచి ఆరబెట్టబోయాము. ఎనభై మూడేళ్ళ మనిషి అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "ఆరనివ్వకండిరా! ఆరితే ఒకదానికొకటి అంటుకుంటాయి. నీళ్ళలోనే ఉంచండి, మంచి నీళ్ళలో!"

మంచి నీళ్ళు ఎక్కడివి? కుళాయి లేదు, వీధినిండా మురుగు. అమ్మాయి డాబా ఎక్కి, ఉన్న బిందెలు, బక్కెట్లు, పెండ్లివంటల గంగాళం అన్నీ వానక్రింద పెట్టింది. ఏ వాన ముంచిందో ఆ వాననీటిలోనే రెండు రాత్రులు, రెండు పగళ్ళు కడిగాము. ఫిల్ముమీది జిగురుపొర నాని జున్నులా అవుతుంది. గోరు తగిలితే ఊడివస్తుంది. ఒక్కొక్క ముక్కనూ వేళ్ళ కొసలతో విడదీసి, హాలులో త్రాళ్ళు కట్టి బట్టల క్లిప్పులతో వ్రేలాడదీసింది అమ్మాయి. మేము బక్కెట్లు మోశాము. ఆమె చేతివాటం మాకు లేదు.

రెండు పెట్టెల్లో ఇంచుమించు నాలుగువేల బొమ్మలు. రెండువేల ఆరువందలు దక్కాయి. 1966 నుంచి 1971 దాకా ఉన్న కట్టలు దాదాపు అన్నీ పోయాయి. బొమ్మ కారిపోయి గాజుముక్కలా తెల్లబడిన ఫిల్మును నాయన దీపానికి ఎత్తి పట్టుకుని, కవరుమీది నంబరునుబట్టి చెప్పేవారు. "ఇది చింతాద్రిపేటవారిది. పిల్లవాడు కస్టమ్సులో చేసేవాడు. ఇది తండయారుపేట, ముహూర్తం తెల్లవారుజామున, దీపం ఆరిపోయింది. ఇది షావుకారుపేట, అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకే పందిరి." అమ్మాయి నోటుపుస్తకంలో వ్రాసుకుంది. ఒక ముక్క దగ్గర మాత్రం ఆయన నంబరు చదవలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఏ నంబరో మాకు తెలుసు. అమ్మ కాపురానికి వచ్చిన నెలలో మేడమీద తీసిన చుట్ట అది.

ఆ తరువాత ఆర్-వన్ సంగతి ఎవరికి పట్టింది! 2024 మే 15 న తయారవుతోందని కంపెనీవారే చెప్పారు. జులై 17 న పూర్తి వివరాలు వచ్చాయి. 2 కోట్ల 42 లక్షల చుక్కలు. సెకండుకు 40 బొమ్మలు. వెల 6,299 డాలర్లు. ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు, వాలీబాలు ఆటల్లో ఏ ఆటగాడు ముఖ్యమో తనంతట తానే కనిపెట్టే తెలివి పెట్టారు. బ్యాడ్మింటన్ ఊసు లేదు. గ్లోబల్ షట్టరూ లేదు. పలకను త్వరగా చదివే పద్ధతే, మరింత త్వరగా. కెమెరా మంచిదే, అందులో సందేహం లేదు. రోజుకు వేల బొమ్మలు పంపవలసిన వార్తాసంస్థలకు చుక్కలు తక్కువగా ఉండడమే సుఖం. వారికోసమే చేసినది. మేము ఊహించుకున్నది కాదు, అంతే.

ఆ డబ్బు ఏమయిందని అడుగుతారు. ఇనప బీరువా మేడమీద ఉంది. వెలుతురుపలక ఒకటి, దగ్గరి వస్తువులు తీసే లెన్సు ఒకటి కొన్నాము. మిగిలినదానితో మూడేళ్ళు వాడిన కెమెరా ఒకటి తీసుకున్నాము. దానిలో బ్యాట్లు బ్యాట్లలాగే పడుతున్నాయి. పెరంబూరువారి అమ్మాయి నిరుడు ఇంకో పోటీ గెలిచింది. ఆ ఫోటో ఫ్రేము కట్టించి మేమే తీసుకువెళ్ళి ఇచ్చాము.

ఆ కెమెరాను ఇప్పుడు వారానికి మూడు రోజులు తలక్రిందులుగా బల్లకు బిగించి ఉంచుతున్నాము. క్రింద వెలుతురుపలక, దానిమీద నెగిటివు. దుమ్ము ఊది, సరిచూసి, ఒక్కటి తీసి, ఇంకొకటి పెట్టాలి. గంటకు ముప్పయి అయితే ఎక్కువ. నాయన రోజుల్లో చుట్టకు పన్నెండే బొమ్మలు. పెండ్లికి రెండు చుట్టలు, అంటే ఇరవై నాలుగు. ఆర్-వన్ అయితే ఒక్క సెకండులో ఆ పెండ్లంతా చేసి, ఇంకా పదహారు బొమ్మలు మిగుల్చుతుంది.

ప్యారిస్ ఒలింపిక్స్ నాళ్ళలో అమ్మాయి ఒక ఫోటో తెచ్చి తాతకు చూపించింది. జులై 29 న తాహితి సముద్రంలో తీసినది. బ్రెజిలు అలలాటగాడు గాబ్రియెల్ మెడీనా నీటిపైన గాలిలో నిటారుగా నిలబడి, వేలు ఆకాశానికి చూపిస్తున్నాడు. ప్రక్కన అతని పలక కూడా అట్లాగే నిలువుగా తేలుతోంది. పడవలోంచి జెరోమ్ బ్రుయే అనే ఆయన తీశాడు. నాయన కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఎన్ని తీశాడమ్మా?"

"వేలు తీసే కెమెరాలున్నా, ఆ క్షణాన నాలుగే తీశాడట తాతా."

"మిగతా మూడూ ఎందుకు?"

ఇక మా మనవి. 1961 కూ 1984 కూ మధ్య చెన్నపట్నంలో మీ ఇంట జరిగిన శుభకార్యానికి నాయన ఫోటోలు తీసి ఉంటే, ఒకమారు స్టూడియోకి రండి. దక్కినవాటిలో మూడువందల పైచిలుకు కవర్ల పేర్లు చెరిగిపోయాయి. మీ పెద్దవారిని వెంటబెట్టుకుని వస్తే ముఖాలు గుర్తుపట్టగలరు. 1966 నుంచి 1971 లోపలి పెండ్లి అయితే మీ దగ్గరున్న పాత ఫోటో, ఎంత చిన్నదైనా సరే, తీసుకురండి. దానినుంచి మళ్ళీ బొమ్మ తీసి కవరులో పెట్టుకుంటాము, మీకూ ఒకటి ఇస్తాము. దీనికి డబ్బు పుచ్చుకోము.

కొత్త కెమెరా సంగతి అడగదలచినవారు మా అమ్మాయిని అడగవచ్చు. 2028 లో ఒలింపిక్స్ మళ్ళీ లాస్ ఏంజిలిస్‌లోనేనట, ఈసారి గ్లోబల్ షట్టరు తప్పదట. నెగిటివు తుడుస్తూనే చెబుతుంది. నాయన ఆదివారాలు పదిగంటలనుంచి అక్కడే ఉంటారు.